పళ్ళు చూచి కొన్న సైకిలు

సంతలో ఎద్దును కొనబోవు రైతు మొదట దాని నోరు తెరచి పళ్ళు చూచును. తరువాత నాలుగడుగులు నడిపించి చూచును. గిట్టలు చూచును. మూపుపై చేయివైచి కాడి రాచిన మచ్చలు కలవేమో తడవి చూచును. అమ్మువాడు చెప్పు మాటలన్నియు వినుచునే యుండును గాని అతని చూపు మాత్రము ఎద్దును విడువదు. 48వ యేట, పుట్టిన ఊరికి ఎనిమిదివేల మైళ్ళకు పైబడిన దూరమున, పాత సైకిలు నొకదానిని కొనుటకు బయలుదేరిన నాకు ఆ రైతు పద్ధతియే శరణ్యమైనది.

నేను అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున, సాన్ ఫ్రాన్సిస్కో నగరమునకు సమీపమున నివసించుచున్నాను. చదువు నిమిత్తము ఇచటికి వచ్చిన కొత్తలో, అనగా 2000 సంవత్సర ప్రాంతమున, ఆదివారము వచ్చినచో కొండదారులలో సైకిలు త్రొక్కుట నాకు వ్యసనముగా నుండెడిది. ఆ సైకిలును ఇచటివారు మౌంటెన్ బైకు అందురు. మనలో బైకు అనగా మోటారుసైకిలే గనుక నేను దీనిని కొండసైకిలు అనియే పిలిచెదను. లావుపాటి టైర్లు, వెడల్పైన హ్యాండిలు, ఎక్కుటకు తేలిక గేర్లు, దిగుటకు గట్టి బ్రేకులు దీని లక్షణములు. తారురోడ్డు ముగిసినచోట దీని పని ప్రారంభమగును.

2003లో ఒక దిగుడుదారిలో ముందుచక్రము రాతికి తగిలి ఆగిపోగా, నేను హ్యాండిలు మీదుగా ఎగిరి అవతల పడితిని. ఎడమ భుజము దగ్గరి కాలరు ఎముక విరిగినది. కట్టు విప్పిన తరువాత సైకిలును అమ్మివేసితిని. పిమ్మట ఉద్యోగము, సంసారము. 20 ఏండ్లు గడచిపోయినవి. ఒకనాడు వైద్యుడు నా రక్తపరీక్ష కాగితము చూచి, "చక్కెర హద్దులో లేదు. మీకు ఇష్టమైన వ్యాయామ మేదైన కలదా?" అని అడిగెను. అప్రయత్నముగా నా నోట వచ్చిన మాట "సైకిలు". ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పగా నా భార్య ఏమియు అనలేదు. ఆమె చూపు నా ఎడమ భుజముపై ఒక్క క్షణము నిలిచెను. ఆ చూపునకు అర్థము నాకు తెలియును.

కొత్త సైకిలే కొనరాదా యని పాఠకులు అడుగవచ్చును. మంచి కొండసైకిలు కొత్తది కావలెనన్నచో వేలకొలది డాలర్లు పోయవలెను. ఇన్నేండ్ల తరువాత మరల ఎక్కువాడు ఆ అలవాటులో నిలుచునో, రెండు నెలలకు విడిచిపెట్టునో వానికే తెలియదు. అట్టివానికి పాత సైకిలే తగినది. ఐతే పాతదానిని కొనువాడు దాని గత జీవితమును కూడ కొనుచున్నాడని మరువరాదు.

పాత సామానులో పుట్టిన యంత్రము

పాత సైకిలు కొనుటకు సిగ్గుపడ నక్కరలేదని చెప్పుటకు ఈ యంత్రము యొక్క జన్మవృత్తాంతమే చాలును. సాన్ ఫ్రాన్సిస్కో నుండి గోల్డెన్ గేట్ వంతెన దాటి ఉత్తరమునకు పోయినచో మెరిన్ అను జిల్లా వచ్చును. టమల్పాయిస్ అను కొండ అందే కలదు. 1970 తరువాతి సంవత్సరములలో అచటి యువకులు కొందరు, మూల పడియున్న బరువైన పాత సైకిళ్ళను వెదకి కొని, కొండమీదికి తీసికొనిపోయి దిగుట మొదలిడిరి. వానిలో పేరుపడినవి 1930, 1940 ప్రాంతములలో ష్విన్ కంపెనీ చేసిన లావుటైర్ల సైకిళ్ళు. జో బ్రీజ్ అను యువకుడు 1973లో, 1941 నాటి ష్విన్ సైకిలు నొకదానిని 5 డాలర్లకు కొనెను. అప్పటికి ఆ సైకిలు వయస్సు 32 ఏండ్లు. కొన్నవానికంటె అదే పెద్దది.

1976 అక్టోబరు 21వ తేదీన ఈ యువకులు ఫేర్‌ఫాక్స్ అను చిన్న ఊరి దగ్గర ఒక మట్టిదారిలో దిగుడు పందెమును మొట్టమొదటిసారి నడిపిరి. సుమారు రెండు మైళ్ళలో 1300 అడుగులు దిగు దారి అది. ఆ సైకిళ్ళకు బ్రేకు వెనుకచక్రపు ఇరుసులో ఉండెడిది. పెడలును వెనుకకు త్రొక్కినచో పట్టెడిది. కొండ దిగి వచ్చుసరికి ఇరుసులోని గ్రీజు కాగి పొగయై పోయెడిది. మరల గ్రీజు కూరి బిగించినగాని రెండవసారి దిగుటకు వీలులేకుండెను. ఆ కూరుటకు ఆంగ్లమున రీప్యాక్ అని పేరు. ఆ దారిని నేటికిని ఆ పేరుతోనే పిలుచుచున్నారు.

గ్రీజు అంతగా ఏల కాగెను? భౌతికశాస్త్రము బోధించు ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో చేయింపవచ్చును. మనిషియు సైకిలును కలిసి 90 కిలోలు తూగుదురనుకొందము. 1300 అడుగులనగా సుమారు 396 మీటర్లు. పైనుండి క్రిందికి వచ్చుసరికి విడుదలయగు శక్తి 90 × 9.8 × 396, అనగా సుమారు 3,49,000 జౌళ్ళు. 16 డిగ్రీల చన్నీరు ఒక లీటరు మరిగించుటకు ఇంచుమించు అంత శక్తి కావలెను. ఇందులో కొంత గాలి తీసికొనును, కొంత నేల తీసికొనును. మిగిలినదంతయు పిడికిలిలో ఇముడునంతటి ఇరుసులో వేడిగా మారవలెను. కొండసైకిలు కొనువాడు బ్రేకులను గూర్చి ఏల అంత పట్టుదల చూపవలెనో ఈ లెక్కయే చెప్పగలదు.

ఆ యువకులు ష్విన్ సైకిళ్ళను ఏరుకొనుటకు కారణము వాని ఫ్రేము దెబ్బలకు తాళుటయే. చక్రములు, బ్రేకులు, గేర్లు మొదలగు వానిని ఇతర సైకిళ్ళనుండి ఊడదీసి తెచ్చి అమర్చుకొనిరి. పాత ఫ్రేములు కూడ విరుగసాగిన తరువాత బ్రీజ్ 1977లో కొండదారికే ఉద్దేశించి కొత్త ఫ్రేమును స్వయముగా కట్టెను. ఆ సైకిలు నేడు అమెరికా జాతీయ సంస్థయైన స్మిత్సోనియన్ సంగ్రహములో నున్నది. 1979లో గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ అను వారిద్దరు టామ్ రిచీ కట్టిన ఫ్రేములతో ఈ సైకిళ్ళ వ్యాపారము నారంభించిరి. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ అను సైకిలును విరివిగా తయారుచేసి విక్రయించెను. 1996లో అట్లాంటాలో ఒలింపిక్ క్రీడలలో కొండసైకిలు పందెమునకు చోటు దొరకెను. మూల పడియున్న 5 డాలర్ల సైకిలునుండి ఒలింపిక్ రంగమునకు పట్టిన కాలము 23 ఏండ్లు మాత్రమే. ఫ్రేము మొదట, అమరికలు తరువాత అని ఆ యువకులు పాటించిన నియమమునే నేను కాగితముపై మొదటి పంక్తిగా వ్రాసికొంటిని.

జ్ఞాపకము అమ్మకమునకు వచ్చినది

మొదట చూచిన సైకిలు నా పాత సైకిలుకు కవలపిల్ల. 1990 తరువాతి కాలపు ఉక్కు ఫ్రేము, 26 అంగుళముల చక్రములు, రిమ్మును నొక్కి పట్టు బ్రేకులు. ఉద్యోగవిరమణ చేసిన వృద్ధుడొకడు దానిని గుడ్డ కప్పి, నూనె వేసి, పసిబిడ్డవలె కాపాడెను. ధర స్వల్పము. హ్యాండిలుపై చేయి వేసినంతనే నా వయస్సు 20 ఏండ్లు తగ్గినట్లైనది. జేబులోనికి చేయి పోయినది కూడ. ఎందుచేతనో ఒక్క దినము గడువు కోరి ఇంటికి వచ్చితిని. ఆ రాత్రి ఈ 20 ఏండ్లలో కొండసైకిలు ఎట్లు మారెనో చదువుచు కూర్చుంటిని.

ముందుచక్రమును పట్టుకొని యుండు ఫోర్కు నేలతో కొంత కోణము చేయుచు వాలియుండును. నా కాలపు సైకిళ్ళలో ఆ కోణము సుమారు 71 డిగ్రీలు. నేటి కొండసైకిళ్ళలో పెక్కింటికి 65 నుండి 67 డిగ్రీల వరకే యుండును. అంకెలలో భేదము స్వల్పమే. ఫలితములో భేదము చాల గలదు. కోణము తగ్గినకొలది ముందుచక్రము మనిషికంటె ముందునకు జరుగును. దిగునప్పుడు చక్రమునకు రాయి అడ్డుపడినను శరీరభారము చక్రమును దాటి ముందునకు దొర్లిపోవుట కష్టమగును. పాత సైకిళ్ళలో హ్యాండిలును పట్టియుంచు మెడ పొడవు. అది మనిషిని ఇంకను ముందునకు వంచెడిది. హ్యాండిలు వెడల్పు 58 సెంటీమీటర్లకు అటునిటు. నేడు 76 నుండి 80 వరకు కలదు. బారు ఎక్కువైనచో రాయి తగిలినప్పుడు చక్రము చేతినుండి జారదు. సీటు సంగతియు అట్టిదే. ఆనాడు ఎక్కుటకు ఎత్తుగా పెట్టిన సీటు దిగునప్పుడును ఎత్తుగానే యుండెడిది. ఇప్పుడు హ్యాండిలుపై మీట నొక్కినచో సీటు క్రిందికి దిగిపోవును.

చదువుచుండగా నా చేయి ఎడమ భుజముపైకి పోయినది. ఆ పాటు కేవలము నా చేతగానితనమే యని 20 ఏండ్లు నమ్మియుంటిని. నా తొందర కొంత నిజమే. ఆ కోణమునకును అందు భాగము కలదు. అది తెలిసినప్పుడు కలిగినది ఊరటయో కోపమో చెప్పలేను. ఆ సైకిలునే మరల కొనబోయితినను తలంపు మాత్రము వెన్నులో చలి పుట్టించెను.

చక్రముల కొలత మరియొక సమస్య. 26 అంగుళముల చక్రములు నేడు పెద్దల కొండసైకిళ్ళలో దాదాపు కనుమరుగైనవి. వాని స్థానమున 27.5, 29 అంగుళములవి వచ్చినవి. పెద్దచక్రము చిన్నగోతిలో దిగదు. రాతిపైకి సులువుగా ఎక్కును. 26 అంగుళముల చక్రమునకు మంచి ఫోర్కు, మంచి టైరు వెదకి పట్టవలసిన కాలము వచ్చినది. నాడు నడచిన సైకిలు నేడు చెడిపోలేదు గాని దాని బంధువులు ఊరు విడిచిపోయిరి.

ఈ అంగుళముల పేర్లను గూర్చి విద్యార్థులకు ఒక వింత చెప్పవలెను. టైరు కూర్చుండు చోట రిమ్ము వ్యాసము 26 అంగుళముల చక్రమునకు 559 మిల్లీమీటర్లు, 27.5కు 584, 29కి 622. మన ఊళ్ళలో పాలబిందెలు మోసిన పెద్ద నల్లసైకిలు చక్రమును 28 అంగుళములందురు. దాని రిమ్ము 635 మిల్లీమీటర్లు! అనగా పేరులో 28, రిమ్ములో 29కంటె పెద్ద. కారణము టైరులో నున్నది. నల్లసైకిలు టైరు మందము సుమారు 38 మిల్లీమీటర్లు. 635కు రెండుమారులు 38 కలిపిన 711, అదియే 28 అంగుళములు. కొండసైకిలు టైరు 56 మిల్లీమీటర్ల లావు అనుకొన్నచో 622కు రెండుమారులు 56 కలిపిన 734, అనగా సుమారు 29. అంగుళపు పేరు టైరుతో కలిపి పెట్టినది. పాత సైకిలుకు టైరు కొనువాడు టైరుపై అచ్చువేసిన మిల్లీమీటర్ల అంకెనే నమ్మవలెను.

మరునాడు ఆ వృద్ధునికి వలదని చెప్పితిని. చదునైన మట్టిబాటలలో తిరుగువానికి అంతకంటె మంచి బేరము లేదనియు చెప్పితిని. అది ముఖస్తుతి కాదు. ఉక్కు ఫ్రేము ఇంకొక తరమును మోయగలదు. నేను పోదలచిన దారికి మాత్రము అది తగదు.

మెరుపు వెనుక

రెండవ సైకిలు పదేండ్ల వయస్సుది. కార్బను నారతో చేసిన ఫ్రేము. ముందును వెనుకను కుదుపులను మ్రింగు సస్పెన్షను. కొత్తదిగా కొన్నప్పటి ధరలో ఐదవ వంతుకు అమ్మజూపిన యువకుడు మర్యాదస్థుడు. ఎండలో అది నెమలికంఠమువలె మెరయుచుండెను. ఇట్టి సైకిలును నా విద్యార్థిదశలో దుకాణపు అద్దములో నుండి చూచి తృప్తిపడెడివాడను.

సీటు వెనుక పట్టుకొని మెల్లగా పైకెత్తితిని. చక్రము నేలను విడుచుటకు ముందే లోపల 'టక్కు'మని శబ్దమైనది. వెనుక సస్పెన్షను కీళ్ళలోని బేరింగులు అరిగిన గుర్తు అది. ముందు ఫోర్కు యొక్క నున్నని పైగొట్టములపై గోరుతో రాచి చూచితిని. ఒకచోట గోరు తట్టుకొనినది. ఆ గీత గుండ లోపలి నూనె బయటికి వచ్చును, బయటి దుమ్ము లోనికి పోవును. ఇట్టి ఫోర్కులలో నూనెను సాధారణముగా 50 గంటల స్వారీకొకమారు మార్చవలెనని తయారుచేయువారు చెప్పుదురు. "ఎప్పుడు మార్పించితివి?" అని అడిగితిని. మార్పించవలెనని తనకు తెలియదని ఆ యువకుడు సత్యము చెప్పెను. బ్రేకు మీట హ్యాండిలును తాకునంత దూరము వచ్చుచుండెను.

ఇవన్నియు డబ్బుతో తీరునవి. డబ్బుతో తీరనిది ఫ్రేము. పెడళ్ళ ఇరుసునకు పైన రంగు క్రింద వెంట్రుకంత గీత కనబడినది. అది రంగు పగులా, నార పగులా? కంటితో చెప్పుట కష్టము. ఇచట లోహములకు, కార్బనునకు గల భేదమును గుర్తుంచుకొనవలెను. ఉక్కునకు ఒక హద్దు కలదు. ఆ హద్దు లోపలి కుదుపులు ఎన్ని తగిలినను అది అలయదు. దెబ్బ తిన్నచో విరుగుటకు ముందు వంగి చూపును. అల్యూమినియమునకు ఆ హద్దు లేదు. చిన్న కుదుపులు కూడ లెక్కకు చేరుచుండును. పగుళ్ళు అతుకుల దగ్గర మొదలగును. కార్బను నార సులువుగా అలయదు గాని, రాతిదెబ్బ తగిలినచో పైకి కనబడక లోపల పొరలు విడవచ్చును. ఆ తరువాత ఒకనాడు ముందుగా చెప్పక విరుగవచ్చును. కాబట్టి పాతదానిని కొనునప్పుడు, పూర్వచరిత్ర తెలియని కార్బనుకంటె తెలిసిన అల్యూమినియము మేలు.

సైకిళ్ళు బాగుచేయు దుకాణమున విచారింపగా బేరింగులకు, ఫోర్కునకు, వెనుక సస్పెన్షనుకు, బ్రేకులకు కలిపి సైకిలు ధరలో సగమగునని చెప్పిరి. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ యగును. ఫ్రేమును గూర్చిన భయము అందుకు అదనము. దండము పెట్టి తిరిగి వచ్చితిని.

తెనాలి పాఠము

ఆ గోరు, ఆ 'టక్కు' శబ్దము నాకు ఏ గ్రంథమును నేర్పలేదు. తెనాలిలో నా చిన్ననాట అద్దెసైకిళ్ళ దుకాణములు ఉండెడివి. గంటకు రూపాయి. దుకాణదారు పేరును, గడియారము చూచి వేళను పుస్తకములో వ్రాసికొని సైకిలు ఇచ్చెడివాడు. తిరిగి అప్పగించునప్పుడు పెడలు వంగినను, పుల్ల తెగినను ఆ వెల మన నెత్తిన పడెడిది. అందుచేత పిల్లలము తీసికొనుటకు ముందే పరీక్షించెడివారము. నాకు ఆ విద్య నేర్పినవాడు మా పెదనాన్నగారి అబ్బాయి.

"ఒరేయ్, ముందు చక్రం ఎత్తి తిప్పరా. బ్రేకు రబ్బరు దగ్గర చూడు. రిమ్ము దగ్గరికీ దూరానికీ ఊగితే ఔటయిందన్న మాట" అనెడివాడు అన్నయ్య. పుల్లలను వ్రేలితో మీటి చూపెడివాడు. వదులైనది బొంగురుగా పలికెడిది. ముందుచక్రమును మోకాళ్ళ మధ్య ఇరికించి హ్యాండిలును త్రిప్పెడివాడు. పెడలు చేతులను అటునిటు కుదిపి ఇరుసు వదులైనదేమో చూచెడివాడు. ముందుబ్రేకు పట్టి సైకిలును ముందుకు వెనుకకు ఊపి, హ్యాండిలు గొట్టము దగ్గర వ్రేలు పెట్టి కదలిక కలదేమో కనిపెట్టెడివాడు. రూపాయి అద్దె సైకిలుకు చేసిన ఆ ఐదు పరీక్షలు వేల డాలర్ల సైకిలుకును పనికివచ్చినవి. సస్పెన్షను, డిస్కు బ్రేకు మాత్రము అన్నయ్య ఎరుగడు.

మూడవ సైకిలు

మూడవదానిని అమ్మజూపినది ఒక పాఠశాల ఉపాధ్యాయిని. కుమారుడు కళాశాలకు పోగా సైకిలు రెండేండ్లుగా గోడకు వ్రేలాడుచున్నది. అల్యూమినియము ఫ్రేము, ముందువైపు మాత్రమే సస్పెన్షను, 29 అంగుళముల చక్రములు, నూనెతో పనిచేయు డిస్కు బ్రేకులు, ముందు ఒకే పళ్ళచక్రము. చూచుటకు బూడిదరంగు, బురద మరకలు. ఏ కన్నునకును ఆనదు.

తడిగుడ్డతో ఫ్రేమును తుడిచి, టార్చిలైటు వెలుగులో అతుకులన్నియు చూచితిని. హ్యాండిలు గొట్టము క్రిందిభాగము, పెడళ్ళ ఇరుసు చుట్టు, సీటు గొట్టము పైకొన, వెనుకచక్రము బిగించుచోటు - పగుళ్ళు పుట్టు స్థానములివి. హ్యాండిలు గొట్టము వెనుక రంగు ముడుతలు పడినచో ఎచటనో గోడకు గట్టిగా గ్రుద్దుకొన్నదని అర్థము. ఇందులో ఏదియు లేదు. ఫోర్కు గొట్టములు నున్నగా నున్నవి. నూనె మార్పించినారా యని అడుగగా ఆమె, "ఒక్కమారైనను లేదు. ఆ సంగతి చూచుకొని ధర చెప్పండి" అనెను. లోపమును తానే చెప్పు అమ్మకందారు దొరకుట సైకిలు దొరకుటకంటె అదృష్టము.

తరువాత జేబులోనుండి బడిపిల్లల స్కేలు తీసితిని. 12 అంగుళముల ఈ స్కేలు చైను వయస్సు చెప్పును. చైనులో ఒక పిన్నునకు తరువాతి పిన్నునకు నడుమ అర అంగుళము. ఒక పిన్ను మధ్యకు సున్న ఆనించినచో, కొత్త చైనులో 24 ఖండముల తరువాతి పిన్ను సరిగా 12వ అంగుళముపై ఉండవలెను. అరిగినకొలది అది స్కేలును దాటిపోవును. అంగుళములో 16వ వంతు దాటినచో చైనును మార్చవలెను. 8వ వంతు దాటినచో ఆ చైను తనతోపాటు వెనుకనున్న పళ్ళచక్రముల గుత్తిని కూడ తినివేసినదని గ్రహింపవలెను. గుత్తి వెల చైను వెలకంటె చాల ఎక్కువ. ఇందులో 16వ వంతు దాటి కొంచెము పోయినది. పళ్ళను చూచితిని. అరిగిన పళ్ళు ఒకవైపు వంగి కొడవలి మొనలవలె నుండును. ఇవి ఇంకను నిటారుగా నిలిచియున్నవి. చైను పోయినను పళ్ళు దక్కినవి.

టైర్ల ప్రక్కలు ఎండి బీటలువారినవి. బ్రేకు డిస్కు మందము కొలిచితిని. ఇట్టివి కొత్తలో సాధారణముగా 1.8 మిల్లీమీటర్లుండును; 1.5కు వచ్చినచో మార్చవలెను. ఇవి 1.7. బ్రేకు దిమ్మలు మాత్రము అరిగినవి. పెడళ్ళ ఇరుసు క్రింద చెక్కిన సంఖ్యను, ఆమె భద్రపరచిన రసీదు సంఖ్యతో సరిచూచితిని. దొంగసొత్తు కాదని తెలియుటకు అంతకంటె సులభోపాయము లేదు. పిమ్మట ఎక్కి వీధిలో రెండుచుట్లు తిరిగితిని. గేర్లన్నియు మార్చితిని. చిన్న దిగుడులో రెండు బ్రేకులును విడివిడిగా పట్టి చూచితిని. నిలుచున్నప్పుడు మోకాళ్ళకు, ఒంగినప్పుడు నడుమునకు ఇబ్బంది కలుగలేదు. కొలత సరిపోని సైకిలును ఏ ధరకును కొనరాదు. ఫ్రేమును సాగదీయు మరమ్మతు లోకములో లేదు.

ఆమె 700 డాలర్లు అడిగెను. లోపముల పట్టిక చూపి 600 అంటిని. ఒప్పుకొనెను. చైను, టైర్లు, బ్రేకు దిమ్మలు, ఫోర్కు నూనె - వీనికై 200 డాలర్లు ముందే వేరుగా దాచియుంటిని. పాతదానిని కొనువాడు ధరలో మూడవవంతు వరకు చేతిలో నుంచుకొననిచో సగము సైకిలునే కొన్నవాడగును.

సైకిలు ఇంటికి చేరినది. నా భార్య పల్లెటూరి పిల్ల. వారి ఇంట ఎద్దుల బేరములు చూచి పెరిగినది. వాకిట నిలిపిన సైకిలు చుట్టు ఒకసారి తిరిగెను. ఒంగి పళ్ళచక్రముపై వ్రేలు రాచెను. "పళ్ళు బాగానే ఉన్నాయండీ" అనెను. నేను నవ్వితిని. ఆమె నవ్వలేదు. "మరి మీ పళ్ళెవరు చూశారు?" అని అడిగెను.

ఆ ప్రశ్నకు సమాధానము నా కాగితములో లేదు. ఫ్రేము, చైను, బ్రేకు అని వరుసగా వ్రాసికొన్న నేను త్రొక్కువానిని పరీక్షింప మరచితిని. మరునాడే వైద్యునివద్దకు పోయి గుండె పరీక్ష చేయించుకొంటిని. కొత్త శిరస్త్రాణము కొంటిని. అది ఒక్కటి మాత్రము పాతది కొనరాదు. ఒకమారు దెబ్బతిన్నదో లేదో పైకి తెలియదు. నెలదినములు తారురోడ్డుపై ఉదయమున అరగంట త్రొక్కితిని. ఆ తరువాతనే కొండదారి.

సాన్ రఫేల్ ఊరి ప్రక్కన, సముద్రపు పాయ ఒడ్డున, చైనా క్యాంప్ అను ఉద్యానము కలదు. కొండవాలున ఓక్ చెట్ల నీడలో సన్నని దారులు సాగును. ఆదివారము ప్రొద్దున ప్రారంభించిన పది నిమిషములకే ఊపిరి అందక దిగి నిలిచితిని. ముసలి దంపతులిద్దరు సైకిళ్ళపై పలుకరించుచు ముందునకు పోయిరి. నీళ్ళు త్రాగి మరల ఎక్కితిని. దిగుడు వచ్చినది. మీట నొక్కి సీటు దించి, నడుము వెనుకకు జరిపి, రెండు బ్రేకులును సమముగా పట్టుకొంటిని. చక్రము నాకంటె ముందు పోవుచు చిన్నరాళ్ళను తానే చూచుకొనెను.

ఒకచోట దారిలో మెట్లవలె రాళ్ళు వచ్చినవి. బ్రేకు పట్టితిని. 2003 నాటి నేనైనచో దిగియుండను. ఇప్పుడు దిగి, సైకిలును ప్రక్కన నడిపించుకొని క్రిందికి పోయితిని. వెనుకనుండి వచ్చుచున్న యువకుడొకడు ఆగి, "అంతా క్షేమమేనా?" అని అడిగెను. క్షేమమే నంటిని. అతడు సాగిపోయెను. నేను మరల ఎక్కితిని.